కంచర గాడిద నింద సంకరజాతి ఆవుకేల?



గడచిన వేసవిలో గద్వాల ప్రాంతపు ఒక రైతు వేదికలో వానకాలపు విత్తనములను గురించి ముచ్చటించుచుండగా, వెనుక వరుసలోని ఒక పెద్ద రైతు లేచి పశువుల సంగతి ఎత్తెను. ఆయన అడిగినది ఆయన మాటలలోనే వ్రాయుచున్నాను.

"సారూ, మా జెర్సీ పెయ్యకు మూడు సూదులు ఏపిచ్చినా కట్టలే. నిరుడు ఒకదాన్ని ఇట్లనే సంతల అమ్మిన. ఇప్పుడు ఇది గూడ అంతే. రెండు జాతులు కలిపి పుట్టిచ్చిన దానికి దూడలు ఎట్లయితయి? కంచర గాడిదకు పిల్లలైతయా?"

సభలోని పలువురు తలలూపిరి. ప్రక్కనున్న యువకుడు మరియొక మాట కలిపెను. "హైబ్రిడ్ పత్తి గింజ మళ్ల ఏస్తే పండదు గద సార్. ఇది గూడ అట్లనే."

ఇట్లు అడిగినవారు తెలియనివారు కారు. కంచర గాడిద ఈనదని వారెరుగుదురు. పత్తి పువ్వును చేతితో సంకరము చేయుట మన గద్వాల రైతుకు తెలిసినంతగా దేశములో పెక్కుమందికి తెలియదు. వారికి తెలిసిన సంగతులు వాని తావులలో నిజములే. వానిని తెచ్చి ఆవునకు అంటగట్టుటలోనే పొరపాటు వచ్చినది. ఈ పొరపాటు మాటతో పోవునది కాదు. ఇంటికి పాడి కావలసిన పెయ్య దాని వలన సంతకు పోవుచున్నది. నిరుడు అమ్ముడుపోయిన ఆ పెయ్య నిజముగా గొడ్డుదో కాదో తెలిసికొనుటకు నేడు వీలు లేదు.

నా అభిప్రాయము ముందే చెప్పుచున్నాను. సంకరజాతి ఆవు, సంకరము వలన గొడ్డుపోదు. దాని సంతతి తరతరములు సాగును. మనకు లాభమంతయు అందులోనే ఉన్నది. జాగ్రత్త లేనిచో నష్టమును అందులోనే ఉన్నది. ఈ చివరి మాట వింతగా తోచవచ్చును. కడవరకు ఓపికతో చదువుడు.

ఒకే మాట, మూడు సంగతులు

మన వాడుకలో 'హైబ్రిడ్' అను ఒక్క మాట విత్తన పత్తికిని, పాడి ఆవునకును, కంచర గాడిదకును చెల్లుచున్నది. 'జాతి' అను మాట సంగతియు ఇట్టిదే. గుఱ్ఱము ఒక జాతి, గాడిద ఒక జాతి అందుము. ఒంగోలు ఒక జాతి, జెర్సీ ఒక జాతి అని కూడ అందుము. మొదటి చోట రెండును వేర్వేరు జంతువులు. రెండవ చోట రెండును ఆవులే. చిక్కంతయు ఇచ్చటనే పుట్టినది. కావున ఈ వ్యాసములో గుఱ్ఱము, గాడిద వంటి వేర్వేరు జంతువులను 'జీవజాతులు' అనియు, ఒకే జంతువులోని ఒంగోలు, జెర్సీ వంటి భేదములను 'తెగలు' అనియు వ్రాయుదును.

ముందుగా పత్తి సంగతి చూతము. గద్వాల, అయిజ, మల్దకల్, ధరూరు ప్రాంతములలో విత్తన పత్తి పండించువారు సాయంకాలము ఆడ వరుసలోని మొగ్గలనుండి పుప్పొడి భాగమును గోటితో తీసివేయుదురు. మరునాటి ఉదయము మగ వరుసలోని పువ్వును తెచ్చి, దాని పుప్పొడిని అద్దుదురు. అట్లు కట్టిన కాయలోని గింజయే సంకర విత్తనము. ఆ విత్తనము వేసిన చేనిలోని గింజను మరల విత్తినచో మొలవదా? మొలచును, పూయును, కాయును. అయితే చేను ఒక తీరుగ ఉండదు. ఒక మొక్క ఏపుగ పెరిగిన, ప్రక్కది గిడసబారును. మొదటి తరమునందలి జోరు తగ్గును. అందుచేతనే ఏటేట కొత్త విత్తనము వేయుమని చెప్పుదుము. ఇందులో గొడ్డుతనము లేదు. మొదటి తరములో కుదిరిన పొందిక రెండవ తరములో చెదరిపోవుచున్నది, అంతియే. ఈ సంగతి గుర్తుంచుకొనుడు; ఆవుల విషయమున మరల పనికివచ్చును.

కంచర గాడిద ఏల ఈనదు?

మగ గాడిదకును ఆడ గుఱ్ఱమునకును పుట్టినది కంచర గాడిద. సంస్కృతమున దీనినే అశ్వతరమందురు. దీనికి తల్లివలె బలమును, తండ్రివలె ఓర్పును అబ్బును. కొండదారులలో కాలు జారక బరువు మోయుటలో దీనిని మించినది లేదు. మన సైన్యము హిమాలయములలో సరకులు చేరవేయుటకు చిరకాలము వీనిని వాడినది. కేదారనాథ యాత్రికులను ఎక్కించుకొని పోవు పశువులలో ఇవియు పెక్కు కలవు. బరువు మోయుటకే దానిని పుట్టింతురు గనుక, అది ఈనకపోవుట పెంచువారికి లోపముగా తోచదు.

దాని గొడ్డుతనమునకు కారణము దాని మేతలో లేదు, పోషణలో లేదు; పుట్టుకలోనే ఉన్నది. ప్రతి జంతువు శరీరమును కోట్లకొలది జీవకణములతో ఏర్పడినది. ప్రతి కణములోను దారముల వంటి క్రోమోసోములు జతలు జతలుగా ఉండును. వానిలో సగము తల్లినుండియు, సగము తండ్రినుండియు వచ్చును. తల్లిదండ్రుల పోలికలను బిడ్డకు చేర్చునవి ఇవే. గుఱ్ఱమునకు ఇవి 64, గాడిదకు 62. గుఱ్ఱము నుండి 32, గాడిద నుండి 31 కలిసి కంచర గాడిదకు 63 అగును.

శరీరము పెరుగుటకు ఈ 63 చాలును. అందుచేతనే కంచర గాడిద పుష్టిగా పెరుగును. అయితే అండముగాని వీర్యకణముగాని తయారగునపుడు తల్లినుండి వచ్చిన ప్రతి దారము, తండ్రినుండి వచ్చిన తన జోడు ప్రక్కకు చేరి, పిదప సరిసమానముగా విడిపోవలెను. కంచర గాడిదలో ఒక దారమునకు జోడే లేదు. మిగిలిన వానిలో కూడ గుఱ్ఱపు దారముల అమరిక వేరు, గాడిద దారముల అమరిక వేరు. కాడికి జోడు కుదరనిచో అరక సాగనట్లే, ఇచ్చట పని మధ్యలో ఆగిపోవును. పనికివచ్చు అండమో వీర్యకణమో తయారగుట మిక్కిలి అరుదు.

మిక్కిలి అరుదని వ్రాసితిని, అసాధ్యమని వ్రాయలేదు. 1984లో అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రమున ఒక ఆడ కంచర గాడిద ఈనెను. శాస్త్రజ్ఞులు తల్లిపిల్లల క్రోమోసోములను పరీక్షించి అది నిజమేనని నిర్ధారించిరి. ఇట్టివి ప్రపంచమంతట వ్రేళ్ళపై లెక్కింపదగినన్ని మాత్రమే. మగ కంచర గాడిద తండ్రియైనట్లు ఋజువైన ఉదాహరణ లేదు.

మేక, గొఱ్ఱె, ఆవు, గేదె

మన మూడు జిల్లాలలోను మేకలు, గొఱ్ఱెలు ఒకే మందలో మేయుట రోజూ చూచుచున్నదే. చూపునకు దగ్గర చుట్టములవలె ఉన్నను అవి వేర్వేరు జీవజాతులు. మేకకు క్రోమోసోములు 60, గొఱ్ఱెకు 54. పొట్టేలు మేకను దాటినను సాధారణముగా చూలు నిలువదు. నిలిచినను నెలలు నిండక మునుపే పిండము చనిపోవును. బ్రతికి పుట్టినవి మిక్కిలి కొద్ది. ఆఫ్రికాలోని బోట్స్వానాలో పుట్టిన అట్టి పిల్లను గురించి 2000లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. దానికి 57 క్రోమోసోములు ఉన్నవి. అది మగది, దానికి సంతతి కలుగలేదు.

ఆవునకు 60, మన గేదెకు 50. ఆవు దున్నపోతును కలిసి దూడను కన్నదని అప్పుడప్పుడు ఊళ్ళలో వదంతి పుట్టును. అట్టి దూడ పుట్టినట్లు పరీక్షకు నిలిచిన ఉదాహరణ ఒక్కటియు లేదు. ప్రయోగశాలలో ఈ రెండింటి బీజములను కలిపి చూచినను పిండము తొలి దశలలోనే ఆగిపోయినది. కావున ఎవరైన అట్టి దూడను చూపి ఎక్కువ ధర అడిగినచో మోసపోవద్దు.

ఈ రెండు కొసలకు మధ్య మరి కొన్ని కలవు. హిమాలయ ప్రాంతములలో జడల బఱ్ఱె అనబడు యాక్‌ను ఆవుతో సంకరము చేయుదురు. ఈశాన్య రాష్ట్రములలోను, భూటానులోను మిథున్ అను పశువును ఆవుతో కలుపుదురు. ఈ సంకరములలో ఆడవి ఈనును, పాలిచ్చును. మగవి మాత్రము గొడ్డువి. రెండు జీవజాతులు కలిసినపుడు, క్షీరదములలో మగ సంతానమే ముందుగా గొడ్డుపోవును. పక్షులలో ఆడది ముందు గొడ్డుపోవును. ఈ సూత్రమును 1922లో ప్రకటించినవాడు జె.బి.ఎస్. హాల్డేన్. ఆ మహాశాస్త్రజ్ఞుడు 1957లో మన దేశమునకు వచ్చి, భారత పౌరసత్వము స్వీకరించి, 1964లో భువనేశ్వరములో కన్నుమూసెను.

ఇచ్చట ఒక హెచ్చరిక. క్రోమోసోముల సంఖ్యయే సర్వము కాదు. యాక్‌కును ఆవునకును సంఖ్య 60 ఒక్కటే; అయినను మగ సంతానము గొడ్డుది. ఈశాన్యమునందలి బురద గేదెకు 48, మన ముర్రా గేదెకు 50. వాని సంకరమునకు 49. బేసి సంఖ్యయైనను ఆ సంతానము ఈనుచున్నది. రెండు వంశములు ఎంత కాలము వేరుగా నడచినవి, ఎంత దూరము పోయినవి అనునదియే అసలు ప్రశ్న.

జెర్సీయు మన ఆవును

మన ఆవునకు క్రోమోసోములు 60, జెర్సీకి 60, హోల్‌స్టీన్‌కు 60. మన పశువునకు మూపురము కలదు, సీమ పశువునకు లేదు. రెండింటికిని మూలము ఒకే అడవి పశువు. వేల యేండ్ల క్రిందట మన పశువు సింధు ప్రాంతమునను, సీమ పశువు పశ్చిమాసియాలోను మచ్చికయైనవి. కొందరు శాస్త్రజ్ఞులు వీనికి రెండు పేర్లు పెట్టి రెండు జీవజాతులనియు, మరికొందరు ఒకే జీవజాతిలోని రెండు శాఖలనియు చెప్పుదురు. పేరు ఏదైనను పాడి ఇంటికి కావలసిన సంగతి ఒక్కటే. వీని మధ్య దూరము గుఱ్ఱము గాడిదల మధ్య దూరమంత కాదు. దారములకు జోడు కుదురును. పుట్టిన పెయ్య ఎదకు వచ్చును, చూడి కట్టును, ఈనును. దాని పెయ్యయు ఈనును. దేశమంతట పాల కేంద్రములకు వచ్చు ఆవు పాలలో పెద్ద భాగము ఇట్టి ఆవుల పొదుగుల నుండి వచ్చుచున్నదే.

దాచక చెప్పవలసిన మాట మరొకటి కలదు. సంకరజాతి కోడెల సంగతి పెయ్యల వంటిది కాదు. వీర్య సేకరణ కేంద్రములలో సంకరజాతి ఆబోతులను పరీక్షించినపుడు, ఉత్సాహము చాలకపోవుట వలనను, వీర్యము గడ్డకట్టించి నిలువ చేయుటకు తట్టుకొనకపోవుట వలనను త్రోసివేయబడునవి స్వచ్ఛమైన తెగల ఆబోతులకంటె ఎక్కువ. వీధిలో తిరుగు సంకరపు కోడెను నమ్ముకొని ఆవును వదలవద్దని చెప్పుటకు ఇదియు ఒక కారణము.

మరి పెయ్య ఏల కట్టలేదు?

నా చదువు వ్యవసాయము; పశువైద్యము కాదు. అయినను పశువైద్యాధికారులతో కలిసి గ్రామములు తిరిగినపుడు మరల మరల వినబడిన కారణములను చెప్పగలను.

మొదటిది మేత. సంకరజాతి పెయ్య త్వరగా పెరుగును. అందుకు తగినంత మేత అడుగును. వరిగడ్డి, చొప్ప మాత్రమే వేసి పెంచిన పెయ్య వయస్సు వచ్చినను బరువు రాదు. సుమారు 225 నుండి 250 కిలోల బరువు రాని పెయ్యకు సూది వేయించి లాభము లేదు. జూరాల, నెట్టెంపాడు, భీమా, కల్వకుర్తి కాలువల క్రింద నీరున్నవారు పాడి పశువుల కొరకు కొంత నేలను పచ్చిమేతకు విడువవలెను. దాణాతోబాటు ఖనిజ లవణ మిశ్రమము పెద్ద పశువుకు దినమునకు 30 నుండి 50 గ్రాములు ఇవ్వవలెను.

రెండవది కన్ను. పశువు సుమారు 21 దినములకు ఒకసారి ఎదకు వచ్చును. ఎద ఒక దినములోపుగనే ముగియును. వేసవిలో ఎద లక్షణములు తక్కువగా కనబడును; తరచు రాత్రివేళనే కనబడి పోవును. అరచుట, మేత మానుట, తోటి పశువులపైకి ఎక్కుట, కోడిగ్రుడ్డు తెల్లసొన వంటి తీగ వేయుట, మాటిమాటికి మూత్రము పోయుట గమనింపవలెను. తెల్లవారుజామునను, రాత్రి పడుకొనుటకు ముందును కొట్టములోనికి పోయి చూచువాడు ఎదను తప్పిపోనీయడు. ఒక ఎద తప్పినచో 21 దినముల మేత వృథా. మూడు తప్పినచో రెండు నెలలు దాటును.

మూడవది వేళ. ఉదయము ఎద కనబడినచో ఆ సాయంకాలము, సాయంకాలము కనబడినచో మరునాటి ఉదయము సూది వేయించవలెను. "ఈ రోజు పత్తికి మనుషులు దొరికినరు, రేపు చూద్దాం" అన్నచో ఆ సూది నేలపాలే. వీర్యము మైనస్ 196 డిగ్రీల చలిలో నిలువయుండును. దానిని బయటకు తీసినపుడు 37 డిగ్రీల గోరువెచ్చని నీటిలో సుమారు అర నిమిషము ఉంచి వాడుదురు. గోపాలమిత్ర వచ్చు వేళకు గోరువెచ్చని నీరు, నీడ, పశువును పట్టుకొనుటకు మనిషి సిద్ధముగా ఉండవలెను.

నాలుగవది వ్యాధి. తీగ తెల్లగ స్వచ్ఛముగ ఉండక, చీము చారలతో ఉన్నచో గర్భసంచిలో పుండు ఉన్నదని తెలిసికొనవలెను. అట్టి పశువునకు ముందు చికిత్స చేయించి, పిదప సూది వేయించవలెను. చూడి పశువులు నెలలు నిండక ఈసుకపోవుచున్నచో బ్రూసెల్లా వ్యాధిని అనుమానింపవలెను. ఇది మనుష్యులకును సోకును గనుక పడిన పిండమును, మాయను వట్టి చేతులతో తాకరాదు. పెయ్యదూడలకు 4 నుండి 8 నెలల వయస్సులో దీనికి టీకా వేయించవలెను.

అయిదవది, పుట్టుకతో వచ్చు గొడ్డుతనము. కోడెదూడతో కవలగా పుట్టిన పెయ్యలలో నూటికి తొంబదికి మించి గొడ్డువే. దేశవాళి ఆవునకు పుట్టినను, సంకరజాతి ఆవునకు పుట్టినను ఇది ఇట్లే జరుగును. కావున పెయ్యను కొనునపుడు కవలలలోనిదా అని అడుగుడు.

వరుసగా మూడు సూదులకు కట్టని పశువును నాలుగవ సూదికిగాని సంతకుగాని తోలక, పశువైద్యశాలకు తోలుడు. సూది వేయించిన రెండు మూడు నెలలకు చూడి పరీక్ష చేయించుడు. పరీక్షలో నిజముగా గొడ్డుదని తేలినచో అప్పుడు వదిలించుకొనుడు. అంతవరకు కంచర గాడిద పేరు చెప్పి దానిని అమ్మవద్దు.

ప్రకృతి వేయని కంచె

ఇక ముందు చెప్పిన వింత మాటకు వత్తును. కంచర గాడిద ఈనదు గనుక దాని ప్రభావము దానితోనే ఆగిపోవును. వేల యేండ్లుగా మనుష్యులు కంచర గాడిదలను పుట్టించుచున్నను, గుఱ్ఱము గుఱ్ఱముగనే ఉన్నది. గాడిద గాడిదగనే ఉన్నది. ఆ రెండింటి మధ్య ప్రకృతి కంచె వేసినది. జెర్సీకిని మన ఆవునకును మధ్య అట్టి కంచె లేదు. పుట్టిన ప్రతి సంకరపు పెయ్యయు మరల ఈనును గనుక, ఒకసారి మందలోనికి వచ్చిన రక్తము తరతరములు సాగును. ఆ కంచెను మనమే వేయవలెను.

లెక్క చూడుడు. మన ఆవునకు జెర్సీ సూది వేసినచో దూడలో సీమ రక్తము సగము, అనగా 50 పాళ్ళు. ఆ పెయ్యకు మరల స్వచ్ఛమైన జెర్సీ సూది వేసినచో 75. దాని పెయ్యకు మరల వేసినచో 87.5. మన పశువు రక్తము 50 నుండి 25కు, 12.5కు దిగిపోవును. మూడు ఈతలలో మన పశువు కొట్టము నుండి మాయమైనట్లే. దానితో ఎండకు తాళుట, పురుగు పుట్రలకు ఓర్చుట, గడ్డిపోచతో బ్రతుకుట కూడ మాయమగును. మే నెలలో నాలుక వ్రేలాడవేసి రొప్పు ఆవులను చూచినవారికి ఇది విడమరచి చెప్పనక్కరలేదు. పోనిండని సంకరమును సంకరముతో కలిపినచో, సగటున సగమే నిలిచినను, రెండవ తరపు పత్తి చేను వలె ఒకటి పాలిచ్చును, ఒకటి ఇయ్యదు.

నాగర్‌కర్నూల్ జిల్లాలో అమ్రాబాద్, పదర, అచ్చంపేట, లింగాల ప్రాంతపు నల్లమలలో పొడ తూర్పు పశువులు కలవు. ఒంటిపై పొడలుండుటచేత పొడ అనియు, తూర్పు దిక్కు నుండి వచ్చునవి గనుక తూర్పు అనియు పేరు వచ్చినదని చెప్పుదురు. పాలు తక్కువే. అయినను ఆ ఎడ్ల నడక, గిట్టల గట్టితనము, ఎండలో అరక లాగు సత్తువ మన రైతులెరుగుదురు. 2020లో కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థ దీనిని ప్రత్యేక తెగగా నమోదు చేసినది. ఈ తెగ పోయినచో దానిని తెచ్చుకొనుటకు ప్రపంచములో మరియొక చోటు లేదు. జెర్సీ వీర్యము ఎప్పుడు కావలసినను దొరకును.

గొఱ్ఱెల విషయమున ఈ పాఠము ఇప్పటికే నేర్చితిమి. నల్ల ఉన్నిగల దక్కనీ గొఱ్ఱె మన మెట్ట ప్రాంతపు సొత్తు. కురుమల గొంగడి దాని ఉన్నితో నేసినదే. ఉన్నికి ధర తగ్గి, మాంసమునకు గిరాకి పెరిగినపుడు మందలలోనికి నెల్లూరు పొట్టేళ్ళను వదలిరి. రెండును ఒకే జీవజాతి. సంతతికి అడ్డు లేదు. పిల్లలు ఎత్తుగ పెరిగినవి. కొన్ని తరములకు ఉన్ని పోయినది, ఇప్పుడు స్వచ్ఛమైన దక్కనీ పొట్టేలును వెదకవలసి వచ్చుచున్నది.

చేపలలో ఇంకను విచిత్రము. బొచ్చె, రోహు అనబడు శీలావతి వేర్వేరు జీవజాతులైనను రెండింటికిని క్రోమోసోములు 50. వాని సంకరము గొడ్డుది కాదు. 1957లో హీరాలాల్ చౌధురి ఒడిశాలో సూదిమందుతో ఈ చేపలచే గ్రుడ్లు పెట్టించిన తరువాత, విత్తన కేంద్రములలో వీనిని సంకరము చేయుట సులువైనది. తల్లిచేపలను కలగలుపుగ ఉంచిన చోట ఈ సంకరము తెలియకయే జరిగిపోవును. అట్టి పిల్ల చెరువునుండి జూరాలకును, అచ్చటినుండి కృష్ణా నదికిని చేరినచో, తిరిగి ఏరివేయుట ఎవరి తరము? చేపపిల్లలు కొనునపుడు నమ్మకమైన విత్తన కేంద్రమును ఎన్నుకొనుడు. పెబ్బేరులోని మత్స్య కళాశాలవారిని సంప్రదించుట మేలు.

చేయవలసిన పని

నేను సంకరమునకు విరోధిని కాను. కాలువ నీరు, పచ్చిమేత, నీడగల కొట్టము, దగ్గరలో పాల కేంద్రము ఉన్న వనపర్తి, గద్వాల మైదాన గ్రామములలో తెగ ఏదో తెలియని నాటు ఆవునకు జెర్సీ సూది వేయించుట మంచిదే. అచ్చట సీమ రక్తము సగము దగ్గరనే నిలుపవలెను, 62.5 పాళ్ళు దాటనీయరాదు. మొదటి సంకరపు పెయ్యకు ఏ వీర్యము వేయుచున్నారో గోపాలమిత్రను అడుగుడు. గొట్టముపై వ్రాసిన ఆబోతు సంఖ్యను ఒక పుస్తకములో వ్రాసికొనుడు. విత్తన పత్తి రైతు ఏ వరుస ఆడదో, ఏ వరుస మగదో మరువడు. ఆ శ్రద్ధలో నాలుగవ వంతు కొట్టమునకు చూపిన చాలును. గేదెలున్నవారికి ఈ చిక్కు తక్కువ. ముర్రా వీర్యముతో నాటు గేదెను తరతరముగ మెరుగుపరచవచ్చును; రెండును ఒకే జీవజాతి, ఒకే వాతావరణమునకు అలవాటు పడినవి.

నల్లమల అంచు గ్రామములలో మాత్రము పొడ తూర్పు ఆవునకు పొడ తూర్పు ఆబోతునే కలుపవలెను. ఆ గ్రామములకు సీమ వీర్యము పంపుట తగదని నా నిశ్చితాభిప్రాయము. అచ్చటి పశుపోషకులు మంచి ఆబోతును అమ్ముకొనకుండ గ్రామము తోడ్పడవలెను. ఎడ్లకు తగిన ధర రావలెను. ధర రాని పశువును కాపాడుమని ఇతరులకు చెప్పుట సులువే గాని, పెంచువానికి అది భారము.

గ్రామాధికారులకు, పంచాయతీ కార్యదర్శులకు ఒక మనవి. ఊరిలో యజమాని లేక తిరుగు సంకరపు కోడెలను పశువైద్యశాలవారి సాయముతో విత్తులు నొక్కించుడు. రైతు వేదికలో పురుగుమందులను గురించి జరుగు సమావేశములలో నెలకొకటి పశువుల కొరకు కేటాయించి, పశువైద్యాధికారిని పిలిపించుడు. మూడు సూదులకు కట్టని పశువుల జాబితా వ్రాసి ఆయన ముందుంచుడు.

ఆ పెద్ద రైతు పెయ్య సంగతి చెప్పి ముగింతును. "పెద్దాయనా, నెల రోజులు ఆగుడు, డాక్టరుగారికి చూపింతము" అని నేను కోరగా ఆయన సరేననెను. పరీక్షించిన పశువైద్యాధికారి దాని గర్భసంచిలో లోపము లేదనియు, పెయ్య బరువు చాలలేదనియు చెప్పెను. పురుగుల మందు త్రాగించి, ఖనిజ లవణములు, పచ్చిజొన్న మేత ఇచ్చిరి. వానకాలపు నడుమ ఒక తెల్లవారుజామున ఎద కనబడగా, ఆ సాయంకాలమే సూది వేయించిరి. సంక్రాంతికి ముందు మరల చూపగా అది చూడిదని తేలెను. ఆ రోజు ఆయన నాతో అన్నది రెండే మాటలు. "ఇది కట్టింది సార్. నిరుటి దాన్ని అమ్మకపోతునే."

మీ కొట్టములో అట్టి పెయ్య ఉన్నచో, ఈ వారము సంతకు తోలకుడు.